బండి ఎవరిది, బాధ్యత ఎవరిది?

మణుగూరులో ఏ వీధిలో నిలబడినా లారీ చప్పుడు వినబడుతుంది. సింగరేణి ఉపరితల గనుల బొగ్గు, గోదావరి ఇసుక, సారపాక కాగితపు కర్మాగారానికి వెళ్ళే జామాయిలు, సుబాబుల్ కర్ర, భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వైపు సాగే బండ్లు - ఈ ప్రాంతపు బ్రతుకుతెరువులో గని కార్మికుని జీతం తరువాతి స్థానం లారీ చక్రానిదే. అయితే తన ఒక్కడి సొమ్ముతో లారీ కొనగలిగేవాడు అరుదు. బావమరదులు, తోడల్లుళ్ళు, చిన్ననాటి మిత్రులు చేతులు కలిపి మొదటి బండి కొంటారు. కొంత నిలదొక్కుకున్నవారు నాలుగు బండ్లతో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు తెరుస్తారు. అంతకు మించి ఎదగాలనుకున్నవారు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న మరొక రవాణా సంస్థతో పొత్తు కుదుర్చుకుంటారు. ఈ వృత్తిలో పొత్తు లేనిదే అడుగు ముందుకు పడదు.

పొత్తు కుదిరిన రోజున మా వంటి మదర్సా ఉపాధ్యాయుల వద్దకు ఎవరూ రారు. మిఠాయి మాత్రం పంపుతారు. చెడిన రోజున వస్తారు. అప్పటికి బండి ఫైనాన్స్ వారి యార్డులో ఉంటుంది, లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికీ తెలియదు, పెళ్ళి సంబంధాలతో ముడిపడిన రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయి ఉంటాయి. అందుకే ఈ నెల ఈ శీర్షికలో రవాణా వ్యాపారంలోని భాగస్వామ్యాన్ని గురించి కొంత వివరంగా ముచ్చటించుకుందాం.

మదర్సాలో ఫిఖ్హ్ చదివే పిల్లలు భాగస్వామ్యాల అధ్యాయానికి వచ్చేసరికి ఒంటెలు, కంచరగాడిదలు, తోలు తిత్తులు కనబడి నవ్వుకుంటారు. ఈ కాలంలో ఇవి ఎవరికి కావాలని వారి ప్రశ్న. నిజానికి ఆ పుటలలో ఉన్నది మన లారీల సంగతే. హిజ్రీ 593లో మరణించిన ఇమామ్ మర్గీనానీ (రహ్మ) తన ‘హిదాయా’ గ్రంథంలో ఒక సమస్యను ప్రస్తావించారు. ఒకనికి కంచరగాడిద ఉన్నది, మరొకనికి నీళ్ళు మోసే తోలు తిత్తి ఉన్నది. ఇద్దరూ కలిసి నీళ్ళు తోడి అమ్ముకుని, వచ్చినదానిని పంచుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. హనఫీ న్యాయశాస్త్రం ప్రకారం ఈ భాగస్వామ్యం చెల్లదు. నీళ్ళు తోడినవానికే ఆదాయమంతా చెందుతుంది; రెండవవాని వస్తువుకు ఊళ్ళో నడిచే అద్దె ఎంతో అంత అతడు చెల్లించాలి. అలాగే తన జంతువును మరొకని చేతిలో పెట్టి, ‘దీనిని బాడుగకు తిప్పు, వచ్చినది చెరిసగం’ అని చెప్పినా హనఫీ పండితులు దానిని సరైన భాగస్వామ్యంగా అంగీకరించలేదు. బాడుగ జంతువు యజమానిది, తిప్పినవానికి న్యాయమైన కూలి ముట్టాలి అన్నారు. హిజ్రీ 620లో మరణించిన హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా (రహ్మ) మాత్రం తన ‘అల్ ముగ్నీ’ గ్రంథంలో ఇటువంటి ఏర్పాటు చెల్లుతుందనే నిర్ణయాన్ని సమర్థించారు. పొలాన్ని పాలుకు ఇచ్చినట్లే జంతువునూ పాలుకు ఇవ్వవచ్చునని ఆయన వాదం. బండి ఒకరిది, స్టీరింగు మరొకరిది, ఆదాయం సగం సగం అన్న మన ఊరి వాడుకకు ఆధారం వెతికేవారు ఈ అభిప్రాయ భేదాన్ని తెలుసుకుని, తమ పండితుని సంప్రదించి నడుచుకోవాలి.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది మూడవ సమస్య. ఒకనికి కంచరగాడిద, మరొకనికి ఒంటె ఉన్నాయి. ‘నీ జంతువు బాడుగ, నా జంతువు బాడుగ కలిపి పంచుకుందాం’ అనుకుంటే ఆ పొత్తు చెల్లదు. అదే ఇద్దరూ కలిసి, ‘ఈ సరుకును ఫలానా చోటికి మేము చేరుస్తాము’ అని సరుకు యజమానికి ఉమ్మడిగా మాట ఇస్తే ఆ పొత్తు చెల్లుతుంది. ఆ బరువు చివరకు ఒంటె మీద వెళ్ళినా, కంచరగాడిద మీద వెళ్ళినా సరే. ఈ భేదం మాటల గారడీ కాదు. మొదటి దానిలో ఉన్నది రెండు జంతువులు మాత్రమే. అవి ఎవరివి వారివే. రెండవ దానిలో ఉన్నది ఒక బాధ్యత. అది ఇద్దరి మెడ మీదా సమానంగా ఉన్నది. ఒంటె కుంటుపడితే కంచరగాడిద యజమాని ‘అది నా జంతువు కాదు’ అని తప్పుకోలేడు. సరుకు చేరే వరకు అతనికీ నిద్ర పట్టదు.

నేటి రవాణా సంస్థల పొత్తులు అనేకం ఇక్కడే దెబ్బతింటున్నాయి. బండ్లను కలుపుతారు, బాధ్యతను కలపరు. హైదరాబాదులోని సంస్థ సరుకు యజమానితో మాట్లాడి కిరాయి కుదుర్చుకుంటుంది. మణుగూరు సంస్థ బండి పంపుతుంది. దారిలో బండి పాడై సరుకు రెండు రోజులు ఆలస్యమైతే, ‘బండి మీది కదా’ అని హైదరాబాదువారు, ‘మాట ఇచ్చినది మీరు కదా’ అని మణుగూరువారు. సరుకు యజమాని మాత్రం ఇద్దరికీ సొమ్ము ఆపివేస్తాడు. అటువంటి సందర్భంలో వారి మధ్య ఉన్నది భాగస్వామ్యమో, కేవలం అద్దె ఒప్పందమో వారికే స్పష్టత ఉండదు. రెండూ ధర్మసమ్మతమే. అద్దె అయితే అద్దె అని వ్రాసుకోవాలి; అప్పుడు మణుగూరువారికి కిరాయి ముట్టాలి, ఆలస్యానికి సరుకు యజమానికి సమాధానం చెప్పవలసినది హైదరాబాదువారు. భాగస్వామ్యమైతే లాభంతోపాటు ఆ రెండు రోజుల నష్టమూ ఇద్దరిదీ. లాభం వచ్చినప్పుడు భాగస్వామ్యం, నష్టం వచ్చినప్పుడు అద్దె అనడం షరీఅత్‌లోనూ కుదరదు, దేశ చట్టంలోనూ కుదరదు.

దేశ చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 13వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు భాగస్వాములు లాభాలను సమానంగా పంచుకోవాలి, నష్టాలనూ సమానంగా భరించాలి. పెట్టుబడి ఎవరు ఎంత పెట్టారన్నది ఇక్కడ లెక్కకు రాదు. ఆ సెక్షనులోనే మరొక మాట ఉన్నది: ఒప్పందం లేనిదే ఏ భాగస్వామికీ అతడు చేసిన పనికి ప్రత్యేక ప్రతిఫలం లేదు. షరీఅత్ సూత్రం దీనికి భిన్నం. లాభాన్ని ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకోవచ్చు. నష్టాన్ని మాత్రం పెట్టుబడి నిష్పత్తిలోనే భరించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బావ ఆరు లక్షలు, బావమరిది రెండు లక్షలు పెట్టి వ్యాపారం ప్రారంభించారు. బండి నడిపేది, లోడు వెతికేది, ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగేది బావమరిది. లాభం సగం సగం అని మాటగా అనుకున్నారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఇది సమ్మతమే. అతని శ్రమకు ప్రతిఫలంగా అతని లాభపు వాటా పెరిగింది. ఒక సంవత్సరం ఎనభై వేలు నష్టం వచ్చింది. షరీఅత్ ప్రకారం బావ అరవై వేలు, బావమరిది ఇరవై వేలు భరించాలి. కాగితం మీద ఏమీ వ్రాసుకోలేదు గనుక కోర్టుకు వెళ్తే చెరి నలభై వేలు అవుతుంది. విశ్వాసి అయినవాడు తన ధర్మం చెప్పిన ప్రకారం నడవాలనుకుంటే, ఆ ధర్మాన్నే ఒప్పంద పత్రంలో వ్రాసుకోవాలి. అలా వ్రాసుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. పై సెక్షను ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ మాత్రమే వర్తిస్తుంది. ఖుర్ఆన్‌లోకెల్లా సుదీర్ఘమైన ఆయతు, అంటే బఖరా సూరాలోని 282వ ఆయతు, నమాజు గురించో ఉపవాసం గురించో కాదు; గడువు పెట్టుకుని చేసే అప్పును వ్రాసుకోవడం గురించి, సాక్షుల గురించి. మనవారు ఆ ఆయతును ఎంతో శ్రావ్యంగా పారాయణం చేస్తారు. లారీ కొనేటప్పుడు మాత్రం ‘మన మధ్య కాగితాలెందుకు బావా’ అంటారు.

ఒప్పందం వ్రాసుకున్న తరువాత సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ వద్ద నమోదు చేయించడం కూడా ముఖ్యం. నమోదు తప్పనిసరి కాకపోయినా, నమోదు కాని సంస్థలోని భాగస్వామి ఒప్పందపు హక్కు కోసం తోటి భాగస్వామి మీద దావా వేయలేడు. సంస్థ కూడా తనకు కిరాయి బకాయిపడిన వ్యాపారి మీద దావా వేయలేదు. 69వ సెక్షను ఈ సంగతి చెబుతుంది. సంస్థను రద్దు చేసి లెక్కలు తేల్చమని కోరే హక్కు మాత్రమే మిగులుతుంది.

ఇంకొక వాడుక ఈ ప్రాంతంలో విస్తారంగా ఉన్నది. ‘నేను ఐదు లక్షలు పెడతాను. బండి నువ్వు తిప్పుకో. నెలకు పదిహేను వేలు నా చేతిలో పెట్టు. మిగిలినదంతా నీదే, నా సొమ్ము మాత్రం అడిగినప్పుడు తిరిగి ఇచ్చేయాలి.’ దీనికి భాగస్వామ్యమని పేరు పెడతారు. ఇది భాగస్వామ్యం కాదు. అసలుకు పూచీ ఉండి, నెలనెలా నిర్ణీత మొత్తం వచ్చేది వడ్డీయే. పేరు మార్చినంత మాత్రాన అది మారదు. ఆ పెద్దమనిషికి నిజంగా స్థిరమైన ఆదాయమే కావాలంటే ధర్మబద్ధమైన మార్గం ఉన్నది. బండిని తన సొంతానికి కొని, నెలకు ఇంత అని అద్దెకు ఇవ్వవచ్చు. అప్పుడు బండి కాలిపోయినా, లోయలో పడినా, నడిపేవాని తప్పు లేనంత వరకు ఆ నష్టం తనది. ఇంజను మార్పిడి వంటి పెద్ద మరమ్మతులు తనవి. ఈ మాట చెప్పగానే చాలామంది ముఖాలు చిన్నబోతాయి. ఆదాయం స్థిరంగా కావాలి, నష్టభయం మాత్రం పక్కవానికి ఉండాలి అన్న కోరికను తీర్చే మార్గం ఏ ఫిఖ్హ్ గ్రంథంలోనూ లేదు.

పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది అయిన పొత్తును ముదారబా అంటారు. హజ్రత్ ఖదీజా (రజి) సరుకును తీసుకుని దైవప్రవక్త (స) సిరియా దేశానికి వర్తక బిడారుతో వెళ్ళిన వృత్తాంతం మనందరికీ తెలిసినదే. ప్రవక్త పదవికి పూర్వం ఆయనకు సాయిబ్ (రజి) అనే వ్యాపార భాగస్వామి కూడా ఉండేవారని హదీసు గ్రంథాలలో ఉన్నది. ఎన్నో సంవత్సరాల తరువాత కలుసుకున్నప్పుడు ఆయన గుర్తు చేసుకున్నది సంపాదించిన లాభాన్ని కాదు. తన భాగస్వామి తగవులాడేవారు కాదని, వాదులాటకు దిగేవారు కాదని. బిడారు వ్యాపారమంటే నేటి రవాణా వ్యాపారమే. దారి దూరం, వార్త అందదు, సరుకు కంటికి కనబడదు. ఖదీజా (రజి) తన సేవకుడు మైసరాను ఆ ప్రయాణంలో వెంట పంపారు. నమ్మకస్థుడని ఊరంతా పేరుపడిన వ్యక్తి వెంట కూడా సాక్షి ఉన్నాడు. కనుక లెక్క అడిగితే, బండికి జీపీఎస్ పెట్టమంటే, డీజిలు బిల్లు చూపమంటే అవమానంగా భావించనవసరం లేదు.

ఈ పత్రికను చదివే సోదరీమణులకు సంబంధించిన విషయం ఇప్పుడు చెప్పాలి. మొదటి లారీ డౌన్‌పేమెంటులో ఎక్కువసార్లు కలిసిపోయేది ఆ ఇంటి స్త్రీ బంగారం. మహర్ ఆమె సొంత ఆస్తి. పుట్టింటివారు పెట్టిన నగలూ ఆమెవే. భర్త అడుగుతాడు, ఆమె తీసి ఇస్తుంది. ఏ పద్ధతిన ఇచ్చిందో ఎవరూ పలకరు. ఇచ్చినది అప్పా, కానుకా, వాటాయా? ఈ మూడు మాటల మధ్య భేదం ఎంత అన్నది భర్త కన్ను మూసిన రోజున తెలుస్తుంది.

ఇద్దరు మిత్రులు చెరి రెండు లక్షలు పెట్టి ఫైనాన్స్ మీద లారీ కొన్నారనుకుందాం. అందులో ఒకని రెండు లక్షలు పూర్తిగా భార్య నగలు అమ్మగా వచ్చినవి. కొన్నేళ్ళకు అతడు చనిపోయాడు. ఆనాటికి లారీ విలువ పద్నాలుగు లక్షలు, కిస్తీల బాకీ నాలుగు లక్షలు. మిగిలిన పది లక్షలలో అతని సగం ఐదు లక్షలు. సంతానం ఉన్నది గనుక భార్యకు వారసత్వంగా వచ్చేది ఎనిమిదవ వంతు. వేరే అప్పులు, వసీయతు లేవనుకుందాం. ఆమె నగలను కానుకగా ఇచ్చి ఉంటే ఆమెకు దక్కేది ఐదు లక్షలలో ఎనిమిదవ వంతు, అంటే 62,500 రూపాయలు. అప్పుగా ఇచ్చి ఉంటే, వారసత్వం పంచడానికి ముందే అప్పు తీర్చాలి గనుక మొదట రెండు లక్షలు ఆమెవి, మిగిలిన మూడు లక్షలలో ఎనిమిదవ వంతు 37,500, మొత్తం 2,37,500. వాటాగా పెట్టి ఉంటే, భర్త ఆమె తరఫున వ్యవహారం చూసిన ప్రతినిధి మాత్రమే. ఆ ఐదు లక్షలూ ఆమెవే. అదే లారీ, అదే బంగారం. నగలు ఇచ్చిన రోజున ఇద్దరు సాక్షుల ముందు ఒక్క మాట వ్రాసుకుని ఉంటే ఈ మూడింటిలో ఏది నిజమో తేలిపోయేది. వ్రాసుకోని చోట అత్తవారు కానుక అంటారు, పుట్టింటివారు వాటా అంటారు, బ్రతికి ఉన్న భాగస్వామి తనకేమీ తెలియదంటాడు. భర్తకు నగలు ఇవ్వవద్దని నేను చెప్పడం లేదు. ఇచ్చినది ఏమిటో ఇచ్చినప్పుడే పలకండి.

భాగస్వామి మరణంతో పొత్తు ముగిసిపోతుందన్న విషయంలో ఫిఖ్హ్, 1932 చట్టం ఏకీభవిస్తాయి. వేరే ఒప్పందం ఉంటే సంస్థ కొనసాగవచ్చునని చట్టం అంటుంది. వారసులు కొత్తగా అంగీకరిస్తే మరల పొత్తు కలపవచ్చునని మన పండితులు చెబుతారు. రెండు విధాలుగానూ, మరణించిననాటి లెక్క తేల్చడం తప్పదు. కాని మన వద్ద జరుగుతున్నదేమిటి? బండి తిరుగుతూనే ఉంటుంది, నెలకు కొంత సొమ్ము వితంతువు ఇంటికి దయగా పంపబడుతుంది, నాలుగేళ్ళ తరువాత బండి పాతబడిందని తుక్కు ధర చెబుతారు. ఆమెకు రావలసినది దయ కాదు, హక్కు. నాలుగేళ్ళనాటి విలువ మీద హక్కు.

రిజిస్ట్రేషను పత్రం మీద ఎవరి పేరు ఉన్నది అన్నదీ చిన్న విషయం కాదు. ఇద్దరు పొత్తుదారులలో సాధారణంగా ఒకని పేరే ఆర్.సి. మీద ఉంటుంది. అతడు తన వాటాను రెండవవానికి అమ్మివేసి, సొమ్ము తీసుకుని వెళ్ళిపోతాడు. పేరు మార్చుకోవడం మాత్రం ‘వచ్చే నెల’ అని వాయిదా పడుతుంది. మోటారు వాహనాల చట్టం దృష్టిలో ఎవరి పేరున రిజిస్టరై ఉన్నదో అతడే యజమాని అని సుప్రీం కోర్టు 2018లో స్పష్టంగా తీర్పు చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదంలో మరణించినవారి కుటుంబానికి నష్టపరిహారం చెల్లించవలసిన బాధ్యత కాగితం మీద ఉన్న యజమానికి తప్పదు. బీమా లేని బండి అయితే అతని ఇల్లు వాకిలి అమ్ముడుపోతాయి. అదే విధంగా అధిక భారం సంగతి. 2018లో కేంద్రం అనుమతించిన బరువును పెంచింది. పది చక్రాల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెరిగింది. అయినా మనకు చాలదు. 2019 సవరణ తరువాత అధిక భారానికి 20,000 రూపాయలు, దానిపై అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000 రూపాయల చొప్పున జరిమానా. లోడు ఎక్కించమన్నది ఒక భాగస్వామి, దొరికినది డ్రైవరు, కట్టవలసినది ఇద్దరూనా? ఒకరి అనుమతి లేకుండా రెండవవారు చట్టాన్ని అతిక్రమించి తెచ్చిన నష్టాన్ని అతిక్రమించినవారే భరించాలని ఒప్పందంలో వ్రాసుకోవచ్చు. అప్పుడు ఎక్కించమనే నోరు కొంత అదుపులో ఉంటుంది.

రెండు సంస్థల పొత్తుకు వస్తే, వ్రాసుకోవలసిన విషయాలు మరికొన్ని ఉన్నాయి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 నాటి నిబంధనల ప్రకారం, సరుకు పోయినా పాడైనా రవాణాదారుని బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. సరుకు యజమాని ముందుగా ఎక్కువ విలువ ప్రకటించి, అదనపు రుసుము చెల్లించి ఉంటే ఆ ప్రకటించిన విలువ వరకు ఉంటుంది. 15,000 కిరాయి అయితే బాధ్యత లక్షా యాభై వేలు. ఆ లక్షా యాభై వేలలో ఏ సంస్థ ఎంత భరించాలో బిల్టీ వ్రాసిన సంస్థకు, బండి పంపిన సంస్థకు మధ్య ముందే తేలి ఉండాలి. తేలకపోతే బిల్టీ మీద ఎవరి పేరు ఉన్నదో వారి మెడకే చుట్టుకుంటుంది. 2018 నుండి యాభై వేలకు మించిన సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. ఇప్పుడు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. మణుగూరు నుండి హైదరాబాదు సుమారు మూడువందల కిలోమీటర్లు గనుక రెండు రోజులు. దారిలో సరుకు ఒక సంస్థ బండి నుండి మరొక సంస్థ బండికి మారితే, కొత్త బండి నంబరు నమోదు చేయవలసినది ఎవరు? రాత్రి రెండు గంటలకు చెక్‌పోస్టు వద్ద డ్రైవరు ఎవరికి ఫోను చేయాలి? ఒప్పంద పత్రంలో ఈ రెండు ప్రశ్నలకు జవాబుగా ఒక పేరు, ఒక నంబరు ఉండాలి. పొత్తుల గురించి ఉపన్యసించే పెద్దలు దృక్పథాలు, లక్ష్యాలు అంటారు. నేనైతే ఆ ఫోను నంబరు ఎవరిదని మొదట అడుగుతాను.

కిరాయి సొమ్ము సంగతి వేరు. డీజిలు, డ్రైవరు బత్తా, హమాలీ కూలి, టోలు రుసుము అన్నీ ఆ రోజే చేతి నుండి పోతాయి. సరుకు యజమాని అరవై రోజులకో తొంభై రోజులకో చెల్లిస్తాడు. పెద్ద సంస్థ ఈ జాప్యాన్ని తట్టుకుంటుంది, చిన్న సంస్థ బండి తాకట్టు పెడుతుంది. కనుక లాభపు శాతం కంటే ముందు, లోడు ఎత్తిన రోజున చిన్న సంస్థకు ముట్టే అడ్వాన్సు ఎంత అన్నది మాట్లాడుకోవాలి. నిజాయితీపరులైన ఇద్దరు విడిపోవడానికి నేను చూసిన కారణాలలో మోసం కంటే ఈ జాప్యమే ఎక్కువ.

సరుకులోని లోపాన్ని దాచడం కూడా పొత్తును తినివేస్తుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బట్టల వర్తకులు. ఒకసారి లోపమున్న వస్త్రాన్ని ఆ లోపం చెప్పి అమ్మమని భాగస్వామికి అప్పగించగా, అతడు చెప్పడం మరచి అమ్మివేశాడు. కొన్నవారెవరో తెలియలేదు. ఆ సొమ్మును ఇమామ్ గారు దానం చేసివేశారని చరిత్రకారులు వ్రాశారు. మరచినది భాగస్వామి అయినా బాధ్యత తనదిగానే భావించారు. దారిలో తడిసిన బస్తాలను అడుగున పేర్చి అప్పగించే రవాణాదారు, తన పొత్తుదారుని పేరును కూడా ఆ బస్తాల కిందనే పేరుస్తున్నాడు.

ఈ వృత్తివారు సంఘాలుగా ఏర్పడి వంతుల వారీగా లోడు పంచుకోవడం బొగ్గు ప్రాంతాలలో సాధారణం. చిన్న యజమానికి దానివలన రక్షణ ఉన్నది. పది బండ్లవాడు ఒక బండివానిని తోసివేయలేడు. కాని వంతు పద్ధతి వేరు, బయటి బండిని ఊళ్ళోకి రానీయకుండా అడ్డుకుని ఇష్టం వచ్చిన కిరాయి నిర్ణయించడం వేరు. పంజాబులోని ఒక లారీల సహకార సంఘం విషయంలో 2015లో కాంపిటీషన్ కమిషన్ రెండవ పద్ధతిని తప్పుపట్టింది. మన పండితులు కూడా బలవంతపు ధరను సమర్థించరు.

పెద్దల పొత్తులు ఎలా నడిచాయో ఒక సంగతి చూద్దాం. హైదరాబాదు కేంద్రంగా 1989లో మొదలైన గతి సంస్థ పేరు మీరు లారీల మీద చూసే ఉంటారు. 2012లో ఆ సంస్థ జపానుకు చెందిన కింటెట్సు వరల్డ్ ఎక్స్‌ప్రెస్‌తో పొత్తు కుదుర్చుకున్నది. గతికి 70 శాతం, జపానువారికి 30 శాతం వాటాతో గతి-కేడబ్ల్యూఈ అనే ఉమ్మడి సంస్థ నడిచింది. 2020లో గతి యాజమాన్యమే ముంబయికి చెందిన ఆల్‌కార్గో చేతికి వచ్చింది. 2023లో జపానువారి 30 శాతాన్ని కూడా ఆల్‌కార్గో వెలకట్టి కొన్నది. అంటే జపానువారు పొత్తు కలిసినది ఒకరితో, విడిపోయేనాటికి ఎదుట ఉన్నది మరొకరు. మణుగూరులో కూడా ఇది జరుగుతుంది. తండ్రితో పొత్తు కలుస్తాం, కొడుకుతో లెక్క తేల్చుకుంటాం. వాటాకు వెల కట్టాలంటే పదకొండేళ్ళ లెక్కలు వరుసగా ఉండాలి. జేబులోని చిట్టీలతో వెల కట్టలేము.

మన పక్కనే మరొక పొత్తు ఉన్నది. సత్తుపల్లి గనుల బొగ్గు ఒకప్పుడు లారీలలో కొత్తగూడెం చేరేది. దక్షిణమధ్య రైల్వే, సింగరేణి కలిసి కొత్తగూడెం వద్దనున్న భద్రాచలం రోడ్డు స్టేషను నుండి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గం నిర్మించాయి. భూసేకరణ వ్యయం రైల్వేది, నిర్మాణ వ్యయం సింగరేణిది. ఎవరు దేనికి సొమ్ము పెట్టాలో పేరుపేరునా విడదీసుకున్న ఒప్పందం అది. 2022లో ఆ మార్గం అందుబాటులోకి వచ్చింది. రహదారి మీది దుమ్ము తగ్గింది, ప్రమాదాల భయం తగ్గింది. ఊరికి మేలే జరిగింది. అయితే ఆ రూటును నమ్ముకుని ఐదేళ్ళ కిస్తీల మీద టిప్పరు కొన్న ఇద్దరు పొత్తుదారుల స్థితి ఏమిటి? వారి తప్పు లేదు, మోసం లేదు, పని పోయింది. రేపు మణుగూరు లారీలు తిరిగే ఏ రూటులోనైనా రైలు పట్టాలో, కన్వేయరు బెల్టో రావచ్చు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరి, వంతెన మీద రాకపోకలు ఆగిపోయినప్పుడు కూడా ఫైనాన్స్ వారి కిస్తీ తేదీ ఆగలేదు. ఇటువంటి నెలల కోసం ప్రతి ట్రిప్పు నుండి కొంత సొమ్ము విడిగా తీసి, ఇద్దరి సంతకం లేనిదే తీయరాని ఖాతాలో ఉంచుకోవడం మంచిది.

చివరగా విడిపోయే పద్ధతి. దీనిని కలిసిన రోజునే వ్రాసుకోవాలి. అప్పుడైతే ఎవరు వెళ్తారో, ఎవరు ఉంటారో ఇద్దరికీ తెలియదు గనుక ఇద్దరూ న్యాయంగా ఆలోచిస్తారు. మా ప్రాంతంలో కొందరు పాటించే పద్ధతి నాకు నచ్చింది. విడిపోవాలనుకున్నవాడు బండికి ఒక ధర చెబుతాడు. ఆ ధరకు కొనడమా, అమ్మడమా అన్నది రెండవవాడు నిర్ణయిస్తాడు. ధర తక్కువ చెబితే తన వాటా చౌకగా పోతుంది, ఎక్కువ చెబితే తానే ఆ ధరకు కొనవలసి వస్తుంది. ఈ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. చేతిలో సొమ్ము లేనివాడు కొనదలచినా కొనలేడు. బండి తోలే బావమరిది ఎప్పుడూ అమ్ముకునేవాడుగానే మిగిలిపోతాడు. అందుకని కొనేవానికి సొమ్ము సమకూర్చుకోవడానికి ఆరు నెలల గడువు, ఆ కాలంలో వడ్డీ లేకుండా వాయిదాలలో చెల్లించే వీలు, చెల్లింపు పూర్తయిన వారంలోపు ఆర్.సి.లో పేరు మార్పిడి - ఈ మూడు షరతులను పత్రంలో చేర్చి, ఇద్దరి భార్యల సంతకాలు కూడా సాక్షులుగా తీసుకోవాలి.